లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన స్పోర్ట్స్ కారు కొనాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

"లక్షా అరవై వేలు తిరిగిందట, ధర మాత్రం సగానికి సగం తక్కువ, తీసుకోవచ్చా?" ఈ ప్రశ్న, దాంతోపాటు తళతళా కడిగిన కారు ఫొటో ఒకటి, నాకు తరచూ వస్తూనే ఉంటాయి. ఫొటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. కారు చూడ్డానికి వెళ్లేముందు ఏం చెయ్యాలి, వెళ్లాక ఏ వరసలో చూడాలి, ఎక్కడ ఆగి వెనక్కి వచ్చెయ్యాలి అన్నది మాత్రం చెప్పొచ్చు. అదే రాస్తున్నా.

ఒక చిన్న మాట. మైలేజీ అంటే మనకి లీటరుకి ఎంతిస్తుంది అనే. అందుకని తిరిగిన దూరాన్ని ఇక్కడ 'రీడింగ్' అంటాను. మీటరు మైళ్లలో ఉంటే 1.6తో గుణించుకోండి, లక్ష మైళ్లంటే దాదాపు 1,60,000 కిలోమీటర్లు.

వరస ముఖ్యం. పైసా ఖర్చు లేని పనులు ముందు, కారు నడపడం బాగా తర్వాత, డబ్బులయ్యే పరీక్షలు అన్నిటికంటే చివర. చాలామంది దీన్ని తిరగేస్తారు. వెళ్లగానే తాళం తీసుకుని ఓ రౌండ్ వేసొస్తారు, ఆ సౌండు ఒకసారి చెవిలో పడ్డాక ఇక ఆయిల్ కారుతోందని చూపించినా "అదేముందిలే, సీలు మార్పిస్తే పోతుంది" అంటారు.

## 1. రీడింగ్‌ని ఒంటరిగా చదవొద్దు

పదిహేనేళ్ల కారు నలభై వేలే తిరిగిందంటే మనకి నోరూరుతుంది. కానీ అది ఏళ్ల తరబడి కవరు కింద పడుకున్న కారు కావచ్చు. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, హోస్‌లు పెళుసెక్కుతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది. కొన్న మొదటి ఆర్నెల్లలో ఒక్కోటీ బయటపడతాయి.

హైవే మీద రోజూ తిరిగి, వేళకి ఆయిల్ మార్చుకుంటూ లక్షా అరవై వేలు దాటిన కారులో వాటిలో చాలావరకు అప్పటికే ఎవరో మార్పించి ఉంటారు. క్లచ్, డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), నీళ్ల పంపు, రేడియేటర్, ఇంజిన్ మౌంట్లు, బుష్షులు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర రబ్బర్లు): ఈ లిస్టులో ఎన్ని ఇప్పటికే మారాయి, ఎన్ని మీ నెత్తిన పడబోతున్నాయి అన్నదే అసలు లెక్క. రీడింగ్ ఒక్కటే ఆ సంగతి చెప్పదు, బిల్లులు చెబుతాయి.

నేనైతే బిల్లులున్న 1,80,000 కారుని, బిల్లుల్లేని 70,000 కారు కంటే ముందు చూస్తాను. అన్ని మోడళ్లకీ కాదు, ఎందుకో మూడో అంశంలో తెలుస్తుంది.

## 2. డబ్బుని రెండు భాగాలు చేసుకోండి

మీ దగ్గరున్నదంతా కారు ధరలోనే పెట్టెయ్యొద్దు. కనీసం ఐదో వంతు, ఖరీదైన బ్రాండైతే నాలుగో వంతు, పక్కన పెట్టి అది లేనట్టే మర్చిపోండి. మొదటి ఏడాదిలో అది ఖర్చవుతుంది. కాకపోతే సంతోషం.

ఇక్కడ అందరూ బోల్తా పడేది ఒక్క దగ్గరే. కారు పాతబడితే కారు ధర పడుతుంది, స్పేర్ పార్టుల ధర పడదు. కొత్తలో చాలా ఖరీదు పలికిన కారు ఇప్పుడు మామూలు సెడాన్ ధరకి దొరుకుతోందంటే, దాని బ్రేక్ డిస్కులు మాత్రం ఆ ఖరీదైన కారు ధరలోనే ఉంటాయి.

కారు చూడకముందే ఈ ఐదింటి ధరలు అడిగి రాసి పెట్టుకోండి:

- క్లచ్, ఫ్లైవీల్ సెట్టు, లేబర్‌తో కలిపి
- నాలుగు టైర్లు, ఆ మోడల్ అసలు సైజులో
- నాలుగు చక్రాల డిస్కులు, ప్యాడ్లు
- డ్యాంపర్లు. ఎలక్ట్రానిక్‌గా గట్టిపడే రకమైతే ఒక్కోదాని ధర విడిగా
- ఒక పూర్తి సర్వీసు: ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఆయిళ్లు, ప్లగ్గులు, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్

ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కూడా ఇప్పుడే కనుక్కోండి. కొన్నాక కనుక్కుని తల పట్టుకున్నవాళ్లని చూశాను.

## 3. ఆ మోడల్‌కి ఉన్న జబ్బు ముందే తెలుసుకోండి

ప్రతి స్పోర్ట్స్ కారుకీ ఒకటో రెండో పేరున్న జబ్బులుంటాయి. మామూలు అరుగుదల వేరు, ఇవి వేరు. వీటిలో ఒకటి బయటపడితే కారు ధరలో సగం పోవచ్చు.

కొన్ని ఉదాహరణలు (986, ఈ46 లాంటివి ఆ కార్ల తరాలకి కంపెనీ పెట్టుకున్న కోడ్లు):

- పోర్షె 986, 987 బాక్‌స్టర్, 911లో 996, తొలి 997: 2008 వరకు వచ్చిన మామూలు ఇంజిన్లలో ఐఎంఎస్ అనే మధ్య షాఫ్టుకి ఒక బేరింగ్ ఉంటుంది. అది విరిగితే ఇంజిన్ మొత్తం పోయినట్టే. 2000 నుంచి 2005 మధ్య వాడిన ఒంటి వరస బేరింగ్‌కి చెడ్డపేరు ఎక్కువ. ఆ తర్వాత పెద్ద బేరింగ్ వేశారు, అది కాస్త నయం, కానీ ఇంజిన్ విప్పితే తప్ప మార్చలేం. 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. అప్పటి టర్బో, జీటీ3 ఇంజిన్లు వేరే జాతి, వాటికి ఈ బాధ లేదు. సిలిండర్ గోడలు గీరుకుపోవడం మరో జబ్బు. దానికి ప్లగ్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దింపి చూడాలి.
- బీఎండబ్ల్యూ ఎం3, ఎం5: ఈ46 ఎం3లో వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే చట్రం) బిగించే చోట ఫ్లోర్ రేకు పగులుతుంది. ఈ92 ఎం3 వీ8, ఈ60 ఎం5 వీ10 ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు ముందే అరిగిపోతాయి. తెలిసిన ఓనర్లు అవి పోయేదాకా ఆగకుండా మార్పిస్తారు. ఆ బిల్లు ఉంటే ఆ కారుకి ఎక్కువ ఇవ్వొచ్చు.
- మాజ్దా ఆర్ఎక్స్-8: రోటరీ ఇంజిన్. మామూలు కంప్రెషన్ గేజీ దీనికి పనికిరాదు, ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు విడివిడిగా చూపించే టెస్టర్ కావాలి. వేడి మీద ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే సతాయించిందా, కంప్రెషన్ పోయిందనే అనుకోండి. ఇది ఆయిల్ తాగేలానే తయారైన ఇంజిన్, కాబట్టి "చుక్క కూడా తాగదు" అని అమ్మేవాడు అంటే అతనికి కారు గురించి తెలియదు.
- మాజ్దా ఎంఎక్స్-5: ఇంజిన్ మొండిది, రేకు కాదు. పాత తరాల్లో వెనక చక్రాల ముందుండే సిల్లులు (డోర్ల కింది రేకు అంచులు) లోపల్నుంచి తుప్పు పడతాయి. రెండో తరంలో ముందు ఛాసిస్ రెయిళ్లు కూడా.
- హోండా ఎస్2000: తొలి కార్లు 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతాయి, కాబట్టి ఆయిల్ లెవెల్ చూడని ఓనర్ చేతిలో పడ్డదైతే వదిలెయ్యండి. రెండో గేరు సింక్రో (గేరు సాఫీగా పడేలా చేసే భాగం), టైమింగ్ చైన్ టెన్షనర్ (చైన్‌ని బిగువుగా పట్టే భాగం) చప్పుడు చూడాలి.
- నిస్సాన్ 370జెడ్: క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నెట్టే భాగం) గేర్‌బాక్స్ లోపల ఉంటుంది. చిన్న పార్టే, కానీ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి.
- కార్వెట్ సీ6 జెడ్06: 7 లీటర్ల ఇంజిన్‌లో వాల్వ్ గైడ్ల అరుగుదల. హెడ్లు విప్పి సరిచేసిన బిల్లు అడగండి.
- ఫెరారీ ఎఫ్355: టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజిన్ కిందికి దించాలి. బెల్టుకి కిలోమీటర్లతో పాటు ఏళ్ల లెక్క కూడా ఉంటుంది, తిరగలేదు కదా అని వదిలేస్తే కుదరదు.

రీకాల్ పనులు కూడా వెతకండి. 2018లో టొయోటా 86, సుబారు బీఆర్‌జెడ్ తొలి కార్లని వాల్వ్ స్ప్రింగుల కోసం వెనక్కి పిలిచారు. ఆ పనికి ఇంజిన్‌ని చాలావరకు విప్పాలి, విప్పి బిగించడం సరిగా జరగక తర్వాత ఇంజిన్ పోయిన కార్లూ ఉన్నాయి. రీకాల్ అయిందా అనేది ఒక ప్రశ్న, అయ్యాక ఎన్ని వేలు సజావుగా తిరిగింది అనేది రెండోది.

## 4. ఫోన్‌లోనే సగం కార్లు కొట్టెయ్యండి

ప్రయాణం, సెలవు, పెట్రోలు అన్నీ మిగులుతాయి. అడగాల్సినవి ఇవే:

- కారు మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది? అమ్మడానికి కారణం?
- ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు, ఏ గ్రేడు పోశారు?
- క్లచ్ ఏ రీడింగ్ దగ్గర మారింది?
- మోడల్ జబ్బు పేరు చెప్పి: ఆ పని చేయించారా?
- రేస్ ట్రాక్ మీద తిప్పారా?
- నేను తెచ్చుకున్న మెకానిక్ లిఫ్ట్ మీద చూస్తానంటే ఒప్పుకుంటారా?
- వచ్చేసరికి ఇంజిన్ చల్లగా ఉంచగలరా?

రెండో ప్రశ్న దగ్గరే చాలా తేలిపోతుంది. కారుని ప్రేమించినవాడు ఆయిల్ గ్రేడు తడుముకోకుండా చెప్పేస్తాడు, కొందరైతే అడక్కపోయినా బ్రాండు కూడా చెబుతారు. ఆరో ప్రశ్నకి "ఎందుకండీ, నేను చెబుతున్నాగా" అన్న జవాబు వస్తే అక్కడితో సరి. ఫోన్ పెట్టెయ్యండి.

## 5. కాగితాలు, మీటరు నిజమేనా

వెళ్లాక కారు చుట్టూ తిరగొద్దు. ముందు కూర్చుని బిల్లులు తేదీల వరసలో పేర్చండి, రీడింగ్ అంకెలు ఒక కాగితం మీద కిందికి రాసుకుంటూ రండి. ఎక్కడైనా అంకె వెనక్కి వెళ్లిందా? రెండు మూడేళ్ల ఖాళీ ఉందా? ఖాళీ ఉండటం తప్పు కాదు, దానికి కారణం చెప్పలేకపోవడం తప్పు.

విన్ నంబరు (కారుకి కంపెనీ కొట్టే గుర్తింపు నంబరు) అక్షరాలు, అంకెలు కలిపి 17. కాగితం మీద, అద్దం కింద, డోర్ దగ్గర స్టిక్కరు మీద, ఛాసిస్ మీద ఒకటే ఉండాలి. ఇంగ్లిషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఇందులో రావు, వచ్చాయంటే ఎవరో కొట్టించిన నంబరు.

మీటరు తిప్పారేమో అని అనుమానం ఉంటే ఒక చిట్కా. చాలా కార్లలో ఇంజిన్ కంప్యూటర్ ఎన్ని గంటలు నడిచిందో దాచుకుంటుంది, సరైన స్కానర్‌తో అది చదవొచ్చు. రీడింగ్‌ని గంటలతో భాగించండి. 1,60,000 కిలోమీటర్లు, 4,000 గంటలు అంటే సగటు వేగం గంటకి 40, సహజంగానే ఉంది. అదే 4,000 గంటలకి మీటరు 60,000 చూపిస్తే సగటు 15. కారు బతుకంతా ట్రాఫిక్‌లోనే గడిచిందా, లేక మీటరు తగ్గిందా? స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు బయటి అంచు, పెడల్ రబ్బరు చూస్తే జవాబు దొరుకుతుంది. సీటూ స్టీరింగూ రెండూ కొత్తగా కుట్టించి ఉంటే అదీ ఒక జవాబే.

## 6. చల్లని ఇంజిన్ దగ్గర పది నిమిషాలు

నా సొంత అనుభవం ఒకటి. ఓ రెండు సీట్ల కారు చూడ్డానికి వెళ్లాను. అమ్మేవాయన మర్యాదస్తుడు, "మీకు వెయిటింగ్ లేకుండా కాస్త వేడి చేసి ఉంచానండి" అన్నాడు. నేను థ్యాంక్స్ కూడా చెప్పాను. కొన్న మర్నాడు పొద్దున్నే సెల్ఫ్ కొడితే మొదటి నాలుగైదు సెకన్లు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు చప్పుడు, తర్వాత మాయం. టైమింగ్ చైన్ టెన్షనర్. వేడి మీద ఆ చప్పుడు రాదు, ఆయనకీ తెలుసు. ఆ మర్యాద నాకు ఒక నెల జీతం ఖర్చు పెట్టించింది.

కాబట్టి, సెల్ఫ్ కొట్టకముందు:

- ఇంజిన్ ఎక్కడుంటే అక్కడ చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి.
- డిప్‌స్టిక్ తీసి లెవెల్, రంగు చూడండి. మరీ కొత్తగా బంగారంలా ఉంటే ఎందుకు ఇప్పుడే మార్చారో అడగండి.
- ఆయిల్ మూత లోపల మీగడలాంటిది పేరుకుని ఉంటే తేమ చేరిందన్నమాట. చిన్న చిన్న దూరాలకే వాడినా ఇలా అవుతుంది, హెడ్ గ్యాస్కెట్ పోయినా అవుతుంది. తేల్చుకోకుండా కొనొద్దు.
- కూలెంట్ ట్యాంకులో నూనె పొర తేలుతోందా చూడండి. ఈ మూత వేడి ఇంజిన్ మీద ఎప్పుడూ తియ్యొద్దు, చేతులు కాలతాయి.
- తాళం తిప్పగానే చెక్ ఇంజిన్ లైటు వెలిగి, ఇంజిన్ స్టార్టయ్యాక ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో అని అనుమానించండి.

ఇప్పుడు మీ ఫ్రెండుని సైలెన్సర్ వెనక నిలబెట్టి సెల్ఫ్ కొట్టండి. మొదటి ఐదు సెకన్లు మాట్లాడకండి, వినండి. చైన్ గలగలా, ట్యాపెట్ల టిక్‌టిక్, లోతుగా ధన్ ధన్‌మని కొట్టుకోవడం మూడూ వేర్వేరు చప్పుళ్లు. మొదటిది ఖర్చు, రెండోది చాలాసార్లు మామూలే, మూడోది వినబడితే ఇంజిన్ ఆపేసి తాళం ఇచ్చెయ్యండి.

పొగ రంగు: చలిలో కాసేపు కనిపించి మాయమయ్యే తెల్లటి ఆవిరి ఏమీ కాదు. ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్ కాలుతోంది. నీలం అంటే ఆయిల్. నలుపు అంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది.

## 7. రేకు, టైర్లు, అడుగుభాగం

ఎండలో చూడండి, కారు కడిగి తడిగా ఉంటే ఆరేదాకా ఆగండి. తడి మీద ఏ పెయింటయినా అద్దంలా ఉంటుంది.

పెయింట్ మందం కొలిచే పరికరం అద్దెకైనా తెచ్చుకోండి. కంపెనీ పెయింటు ఎక్కువగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 చూపిస్తే మళ్లీ పెయింటు పడింది, 600, 800 చూపిస్తే కింద పుట్టీ ఉంది. అల్యూమినియం బాడీకి అది కూడా కొలిచే రకం కావాలి. కార్వెట్ లాంటి ప్లాస్టిక్, ఫైబర్ బాడీ మీద ఇది పనిచెయ్యదు, అక్కడ పానెళ్ల మధ్య సందులు, బోల్టు తలల మీద పెయింటు చెదిరిన గుర్తులు చూసుకోవాలి. ఒక బంపరుకి పెయింటు పడిందని బెంగ వద్దు, ఇన్నేళ్లలో రాయి తగలని కారు ఉండదు. పైకప్పుని మోసే స్తంభాలు, పైకప్పు, డిక్కీ అడుగు రేకు మీద పుట్టీ ఉంటే మాత్రం పెద్ద దెబ్బే తగిలింది.

టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. నాలుగు టైర్లూ ఒకే బ్రాండా, ఒకే వయసా? లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ లేదా బుష్షులు. వెనక రెండూ ఊరూపేరూ లేని చవక టైర్లయితే, ఓనర్ కంటికి కనిపించని చోట ఎంత పొదుపు చేసి ఉంటాడో ఆలోచించుకోండి.

ట్రాక్ మీద బాగా తిరిగిన కారు దాచినా దాగదు:

- డిస్కుల మీద సన్నటి వేడి పగుళ్లు
- చక్రాల గూడు లోపల కరిగి అంటుకున్న రబ్బరు ఉండలు
- సీటు వెనక కార్పెట్ కింద బోల్టు రంధ్రాలు, రోల్ బార్ (కారు బోల్తా పడినా కాపాడే ఇనుప చట్రం) తీసేసిన గుర్తులు
- అరిగిపోయిన టో హుక్ (కారుని లాగడానికి బిగించే కొక్కెం) మరలు

ట్రాక్ కారు అని తెలిస్తే పారిపోనక్కర్లేదు, కొందరు ట్రాక్ వాళ్లు ఆయిల్ మామూలు వాళ్ల కంటే మూడు రెట్లు ముందే మారుస్తారు. చెప్పకుండా దాచారా లేదా అన్నదే చూడండి.

## 8. టెస్ట్ డ్రైవ్, కనీసం నలభై నిమిషాలు

మ్యూజిక్ ఆపండి. అమ్మేవాడు పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంటే "ఐదు నిమిషాలు చప్పుడు వింటానండి" అని మర్యాదగానే చెప్పండి.

మొదటి పావుగంట నెమ్మదిగా. కూలెంట్ వేడి చూపే మీటరు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకో ఐదు పది నిమిషాలు పడుతుంది. మీరు చల్లటి ఇంజిన్‌ని గుంజుతుంటే అమ్మేవాడు ఏమీ అనకపోయాడంటే, అతను కూడా రోజూ అలాగే నడిపాడని అర్థం.

వేడెక్కాక ఇలా చెయ్యండి:

1. పై గేరులో 50, 60 వేగంలో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి వేగం ఎక్కకపోతే క్లచ్ స్లిప్ అవుతోంది.
2. రెండు నుంచి మూడు, మూడు నుంచి రెండు, కాస్త చురుగ్గా. కరకరమంటే సింక్రో అరిగింది. డ్యుయల్ క్లచ్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే నడక వేగంలో పాకించండి, రివర్స్ కూడా. ఒణికితే క్లచ్ ప్యాకో, మెకట్రానిక్సో (గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ యూనిట్), రెండూ ఖరీదే.
3. ఎత్తు నుంచి దిగేటప్పుడు గేరులోనే ఉంచి కాలు తీసెయ్యండి, కింద మళ్లీ తొక్కండి. అప్పుడు ఒక్క దఫా నీలిపొగ వస్తే వాల్వ్ గైడ్లు, సీళ్లు. తొక్కినంతసేపూ వస్తే రింగులు, అంటే ఇంజిన్ బోరుకొచ్చినట్టే. మీకు అద్దంలో కనపడదు, ఫ్రెండుని వెనక కారులో రమ్మనండి.
4. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా రెండు గుండ్రాలు. వెనక చక్రాల దగ్గర పట్టి పట్టి వదులుతున్నట్టు ఉంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అప్పుడప్పుడు ఆయిల్ మారిస్తేనే సర్దుకుంటుంది. ముందు చక్రాల దగ్గర టకటక అంటే వేరే కథ, ఇరుసు జాయింట్లు అరిగి ఉంటాయి.
5. మంచి వేగం నుంచి గట్టిగా బ్రేకు. స్టీరింగ్ ఒణుకుతోందా, ఒక పక్కకి లాగుతోందా.
6. ఆపి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఫ్యాన్ రావాలి, టెంపరేచర్ కదలకూడదు. తర్వాత ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ సెల్ఫ్.

ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే: స్పీడు పరీక్షించడం. కారు ఎంత స్పీడు వెళ్తుందో కంపెనీ ఎప్పుడో చెప్పేసింది.

## 9. లిఫ్ట్ మీద, స్కానర్ కింద

ఇంతదాకా వచ్చిన కారుకే డబ్బు ఖర్చు పెట్టండి. ఆ మోడల్ రోజూ విప్పే మెకానిక్ కావాలి. అమ్మేవాడి గ్యారేజీలో వద్దు.

మెకానిక్‌కి ఈ కాగితం ఇవ్వండి:

- కంప్రెషన్: సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే హాయి, 15 దాటితే ఎందుకో చెప్పాలి.
- లీక్‌డౌన్: సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారిపోతోందో చూస్తారు. 10 శాతం లోపు బాగుంది, 20 దాటితే ఆలోచించాలి. చెవి పెట్టి వినమనండి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, గాలి లోపలికి వెళ్లే దగ్గర అయితే ఇన్‌టేక్ వాల్వ్, కూలెంట్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్.
- స్కానర్: కోడ్లు లేవంటే చాలదు, రెడినెస్ మానిటర్లు (కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయా చూడాలి. పూర్తి కాలేదంటే కోడ్లు ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు.
- ఓవర్-రెవ్ రికార్డు: ఐదో గేరు నుంచి నాలుగు అనుకుని రెండులో పడేస్తే ఇంజిన్ ఆర్‌పీఎం మీటరులో ఎర్ర గీత దాటి తిరుగుతుంది, ఏ లిమిటర్ ఆపలేదు. పోర్షె 997 నుంచి కంప్యూటర్ దీన్ని ఆరు రేంజుల్లో దాస్తుంది. 1 నుంచి 3 వరకు గట్టిగా నడిపిన గుర్తులు. 4 నుంచి 6లో అంకెలుంటే ఏ గంట దగ్గర జరిగిందో చూడండి. అది జరిగాక వందల గంటలు బాగానే తిరిగిందంటే భయం తగ్గుతుంది, నిన్న మొన్న జరిగిందంటే వదిలెయ్యండి.
- ఆయిల్ ఫిల్టరు: ఓనర్ ఒప్పుకుంటే విప్పి, లోపలి కాగితాన్ని అకార్డియన్‌లా సాగదీసి లైటు కింద చూడాలి. ఒకటి రెండు మెరుపులు ఫర్వాలేదు. రాగి రంగు పొడి ఉంటే బేరింగులు అరుగుతున్నాయి.
- అడుగున: సిల్లులు, సబ్‌ఫ్రేమ్ చోట్లు, బుష్షులు, డ్యాంపర్ల లీకేజీ, డిస్కు మీద కొట్టి ఉండే కనీస మందం. కొత్తగా పూసిన నల్ల అండర్‌కోటింగ్ కనిపిస్తే దాని కింద ఏముందో గీరి చూడాలి.

## 10. బేరం

గాల్లో బేరం ఆడొద్దు. మెకానిక్ చెప్పినవన్నీ ఒక కాగితం మీద, ఒక్కోదానికీ ఖర్చు పక్కన రాసి, కాగితం అతని ముందు పెట్టండి. అరిగిన టైర్లు, సగం అయిపోయిన క్లచ్: ఇవి ధరలో తగ్గాలి. డోర్ మీద గీత, సీటు ముడత: వీటిని బేరంలోకి లాగితే మీ మిగతా మాటకి విలువ పోతుంది.

కొన్నిటికి బేరమే లేదు, ఎంత తగ్గించినా లేచి వచ్చెయ్యాలి. విన్ నంబరు కలవకపోవడం, ఛాసిస్ మీద వెల్డింగ్, రెండోసారి వెళ్లినా ఇంజిన్ వేడి చేసి ఉంచడం, ఆయిల్‌లో నీళ్లు, మెకానిక్‌ని రానివ్వకపోవడం. "ఇంకొకాయన సాయంత్రం అడ్వాన్స్ తెస్తానన్నాడు" అంటే ఆయన్ని కొనుక్కోనివ్వండి.

## 11. తెచ్చుకున్నాక మొదటి నెల

బిల్లులున్నా సరే, అన్ని ఆయిళ్లూ మార్చెయ్యండి: ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్. గ్రేడు కంపెనీ పుస్తకం చెప్పిందే. పైన చెప్పిన బీఎండబ్ల్యూ ఎం ఇంజిన్లకి 10డబ్ల్యూ-60 పొయ్యమన్నారు. "చిక్కగా ఉంది, ఇంకోటి పోద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు.

ఆ తర్వాత అలైన్‌మెంట్, పాత టైర్లుంటే టైర్లు. కొత్త సైలెన్సర్, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), కారుని కిందికి దించే స్ప్రింగులు వీటి జోలికి ఆర్నెల్ల దాకా వెళ్లకండి. ఏ చప్పుడు కారుది, ఏది మీరు కొత్తగా బిగించిందానిది అన్నది తెలియకుండా పోతుంది.

ఆయిల్ లెవెల్ ప్రతి 500 కిలోమీటర్లకీ, సమతలం మీద, పుస్తకంలో చెప్పిన పద్ధతిలోనే చూసి రాసుకోండి. కొన్నిటికి వేడి మీద చూడాలి, కొన్నిటికి ఆపి కాసేపయ్యాక. రెండు మూడుసార్లు రాస్తే మీ ఇంజిన్ ఎంత తాగుతుందో తేలిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు పోయినా ఈ వయసు ఇంజిన్‌కి కంగారు పడక్కర్లేదు, నెలనెలా పెరుగుతుంటే మాత్రం మళ్లీ మెకానిక్ దగ్గరికి.

అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డబ్బా, గరాటు, పాత గుడ్డ ఒకటి డిక్కీలో పడేసుకోండి. ముందు వైపు డిక్కీ ఉన్న కార్లయితే ముందే.